అవసరం లేదన్నాను

ఆర్.కె.పేట,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు, నీ పెద్ద కూతురు దండం పెట్టి రాసుకునేది.

ఇక్కడ నేను, పక్కింట్లో మునిలక్ష్మి పెద్దమ్మ, నీళ్ళు పొయ్యమని నువ్వు మరీ మరీ చెప్పిపోయిన కరివేపాకు చెట్టు, ముగ్గురమూ క్షేమం. అక్కడ సూరత్‌లో నువ్వు, చెల్లెలు యశస్విని, మరిది రఘు, ఇంకా పేరు కుదరని ఆ చిన్న దొర, అందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పిల్లాడికి మన వైపు ముక్కు వచ్చిందని రాశావు. పాపం, వాడేం చేశాడని.

నీ ఉత్తరం అందింది. "ఫోన్లో మాట్లాడితే స్పీకర్ పెడతారు, ఇంట్లో వాళ్ళందరూ ఇంటారు, నాకు సిగ్గు, అందుకే రాస్తాండా" అన్నావు చూడు, అది చదివి నవ్వుకున్నాను. నాకూ స్పీకర్లో చెప్పలేనిది ఒకటి ఉంది. అది వచ్చేదాకా ఓపిగ్గా చదువు. చివరి కాగితం ముందుగా తిరగేసి చూడకు. నీ బుద్ధి నాకు తెలుసు.

ఇంకో మాట. మా కవి ఇట్లా మాట్లాడదే, ఈ పుస్తకం తెలుగేమిటి అనుకోకు. నోరు తెరిస్తే ఇప్పటికీ మన మాటే వస్తుంది. పెన్ను పట్టుకుంటే మాత్రం లైబ్రరీ మాట వస్తోంది. ఇన్నేళ్ళు ఆ పుస్తకాల మధ్య కూర్చున్నందుకు చేతికి అంటుకున్న రంగు అది, కడిగినా పోదు. పలకమీద నాకు అ ఆలు దిద్దించింది నువ్వే కాబట్టి సగం తప్పు నీది.

ఇప్పుడు నీ ప్రశ్నలు ఒక్కొక్కటిగా. మగ్గం గుంటలో నీళ్ళు ఊరాయా అని అడిగావు. ఊరాయి. కార్తీకం వానలు ఈసారి గట్టిగా పడ్డాయి. పళ్ళిపట్టు దారిలో బస్సులు కూడా రెండు పూటలు ఆగిపోయాయి. నేను చెంబుతో తోడి పోసి, అడుగున ఇసుక చల్లి, పాత గోనెపట్టా పరిచాను. మగ్గంమీది పడుగు దారం తడవలేదు. నువ్వు సగంలో వదిలిపోయిన చీర దుప్పటి కప్పుకుని అట్లాగే ఉంది. ఇప్పుడు నేను గుంటలో కాళ్ళు పెట్టుకుని, నువ్వు నేసేటప్పుడు వేసుకునే చెక్క పలకమీదే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. నడుముకి ఆనుడు లేకుండా పొద్దస్తమానం ఇక్కడ ఎట్లా కూర్చున్నావో నాకు అర్థం కావడం లేదు.

తింటున్నావా అని అడిగావు. పెద్దమ్మ ఉండగా తినకపోవడం నా చేతిలో ఉందా? పొద్దున్నే డబ్బా కట్టి గోడమీది నుంచి అందిస్తుంది. ఒకరోజు పులిహోర, ఒకరోజు పెరుగన్నం, మూత తీస్తే ఊరగాయ నూనె పుస్తకాలకు అంటుతుందని భయం.

"లైబ్రరీ అంటే పుస్తకాలిచ్చే ఇల్లే గదా, దానికి అంత పెద్ద మేడ ఎందుకు, అన్ని పుస్తకాలు ఎవరు చదువుతారు" అని అడిగావు. ఇది మంచి ప్రశ్న. మా యూనివర్సిటీలో చాలామంది పెద్దవాళ్ళు కూడా ఇదే అడుగుతారు, కాకపోతే మీటింగులో అడుగుతారు.

మా క్యాంపస్‌లో లైబ్రరీలు రెండు. ముందర ఉన్నది పిల్లలది, పరీక్షల పుస్తకాలు, గోల. వెనక వేపచెట్ల పక్కన ఉన్నది మాది, పరిశోధన చేసేవాళ్ళకు మాత్రమే. ఇక్కడికి కెమిస్ట్రీ వాళ్ళూ వస్తారు, నేల పరీక్షలు చేసే వ్యవసాయం వాళ్ళూ వస్తారు, పాత శాసనాలు చదివేవాళ్ళూ వస్తారు. ఎవరు ఏ డిపార్ట్‌మెంట్లో ఏం రాసినా, వేరేవాళ్ళది చూసి రాయలేదని కంప్యూటర్లో పరీక్ష పెట్టి కాగితం ఇచ్చేది మా లైబ్రరీనే. అందరి థీసిస్‌లూ నల్ల అట్ట వేసుకుని, బంగారు అక్షరాలతో చివరికి మా రెండో అంతస్తుకే చేరతాయి. ఆ హాల్లో నడుస్తుంటే ఒక్కో అట్ట వెనక ఒక్కో మనిషి నాలుగైదేళ్ళ చదువు నిలబడి ఉంటుంది. అన్నీ ఎవరూ చదవరమ్మా. ఆదికేశవులు మామ దారం కొట్టు గుర్తు తెచ్చుకో. ఒక చీరకు మూడు రంగులే కావాలి. అయినా కొట్లో అన్ని రంగులూ ఉండాల్సిందే కదా, ఎవరికి ఏ రంగు కావలసి వస్తుందో ఎవరికి తెలుసు?

తెలుగు పుస్తకాలకు అక్కడ ఒక మూల ఉంది. తిరువళ్ళూరులో ఎప్పుడో మూతబడ్డ ఒక చదువుకునే గది వాళ్ళు బస్తాల్లో ఇచ్చిపోయినవి. వాటిని విడదీసి, దుమ్ము దులిపి, కంప్యూటర్‌కు ఎక్కించడం నా పరిశోధనతో పాటు నా పని అయింది. నేను అడిగి తెచ్చుకున్న పని కాదు. క్యాంపస్‌లో చాలామంది తెలుగు మాట్లాడతారు, ఇంటికి పోతే అమ్మతో నాన్నతో తెలుగే. చదవమంటే మాత్రం అరవం తెచ్చిస్తేనే చదువుతారు. మన బడిలో తెలుగు పాఠాలు దొరికిన చివరి జట్టు నాది కాబట్టి నేను దొరికాను. బయటి ఊరి నుంచి తనిఖీ వాళ్ళు వస్తే ముందు మా లైబ్రరీకే తీసుకొస్తారు. ఆ రోజు నన్ను పట్టు చీర కట్టుకు రమ్మని చెప్పి, తెలుగు మూలలో కూర్చోబెట్టి, "ఇది మా తెలుగు విభాగం" అని చూపిస్తారు. వాళ్ళు నన్నూ చూస్తారు, బీరువానూ చూస్తారు, తల ఊపి పోతారు.

అల్లుడు టికెట్ మాట ఎత్తడం లేదని రాశావు. దానికి జవాబు చివర్లో ఇస్తాను. దానికీ నా కథకూ సంబంధం ఉంది.

ఇక ఉద్యోగం సంగతి. "నీకు ఉద్యోగం వచ్చిందని ఇక్కడ మేడ మీద వాళ్ళకు కింద వాళ్ళకు అందరికీ చెప్పినా, వాళ్ళకు నా మాట అర్థం కాకపోయినా చెప్పినా" అని రాశావు. అమ్మా, ఆ ఉద్యోగం నాకు ఎట్లా వచ్చిందో చెప్తాను.

నా థీసిస్ దేనిమీదో నీకు తెలుసు. సగం మాటలు నీ నోట్లోవే. తమిళనాడు అంచున పళ్ళిపట్టు నుంచి ఊత్తుకోట దాకా ఉన్న మన మగ్గాల ఊళ్ళలో, మడి సేద్యం చేసేవాళ్ళలో, తెలుగు ఎట్లా ఉంది, అరవం పక్కన వందల ఏళ్ళు కాపురం చేసి ఏ మాట ఎట్లా మారింది, అదీ సంగతి. అంతా రాయడం అయిపోయి ఏడాది దాటింది. మా గైడు శేషాద్రి సార్ చేతిలో పెట్టాను. ఆయనది కృష్ణ ఒడ్డు. మంచి మనిషి, తప్పుగా అనుకోకు. నాన్న పోయినప్పుడు ఇంటికొచ్చి మన అరుగుమీద కూర్చున్నాడు, గుర్తుందా? నేను ఎప్పుడు అడిగినా, "చూశానమ్మా, బాగా వచ్చింది, సంతకం పెడతాను" అనేవాడు. ఈ నెలాఖరుతో నాకిచ్చిన గడువు అయిపోతుంది. ఈలోపు ఆయన సంతకంతో అది ఆఫీసుకు చేరాలి. లేకపోతే నా పేరు కొట్టేస్తారు.

దసరా సెలవుల ముందు ఒకరోజు సార్ లైబ్రరీ మెట్లమీద ఎదురయ్యాడు. చేతిలో సంచి, ఎవరితోనో ఫోన్. ఫోన్ చెవి దగ్గర నుంచి కాస్త పక్కకు జరిపి అడిగాడు.

"కవిప్రియా, ఈ థీసిస్ ఇప్పుడు పెట్టడం నీకు అవసరమా అమ్మా?"

నేను ఏమన్నాను? నువ్వయితే ఏమంటావు? పెద్దమ్మయితే ఏమంటుంది? నీ కూతుర్ని కదా, చేతులు కట్టుకుని, "అవసరమేమీ లేదు సార్, మీరు మెల్లగా చూడండి" అన్నాను.

ఆయన ఫోన్ మళ్ళీ చెవికి ఆనించుకుంటూ "సరే, నీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చెప్తాను విను, నీకు ఇది నవ్వులాటగా ఉంటుంది. అరవంలో అవసరం అంటే తొందర కదా. మనకూ అదే. బస్సు వాడు హారన్ కొడితే "ఏం అవసరమయ్యా నీకు" అంటాం. ఆంధ్రాలో అట్లా కాదమ్మా. అక్కడ అవసరం అంటే కావలసి ఉండటం. అవసరం లేదు అంటే నాకు అది అక్కర్లేదు, వద్దు అని. నేను తొందర లేదు సార్ అన్నాను. ఆయనకు నాకీ చదువు వద్దు సార్ అని వినిపించింది.

సెలవులయ్యాక సార్ పిలిపించి చేతిలో ఒక కాగితం పెట్టాడు. లైబ్రరీలో తెలుగు విభాగానికి సహాయకురాలి ఉద్యోగం, మూడేళ్ళకు. "డిగ్రీ అవసరం లేదన్నావుగా. ఇంటి పరిస్థితి అలాంటిదని అర్థమైంది. అందుకే లైబ్రేరియన్ దామోదరన్‌తో మాట్లాడి ఇది వేయించాను. సోమవారం వచ్చి చేరిపో" అన్నాడు. ఆ ఉద్యోగంలో చేరితే నేనింక పూర్తికాలం పరిశోధన చేసేదాన్ని కాను, పరిశోధకుల పట్టీలోంచి నా పేరు తీసేస్తారు. నా థీసిస్ అక్కడితో సరి. ఆయన కళ్ళలో నిజంగా సంతోషం ఉంది. నాకు మేలు చేసిన సంతోషం.

అప్పుడే తెలిసింది నాకు, ఎక్కడ దెబ్బ తగిలిందో. థీసిస్‌లో మూడో అధ్యాయం మన దగ్గర అర్థం మారిన మాటల పట్టీ. అకారాది క్రమంలో ఉంటుంది. అ తోనే కదా మొదలు. మొదటి పేజీలో అవసరం ఉంది. "ఈ ప్రాంతంలో దీనికి తొందర అని అర్థం; అవసరం లేదు అంటే నిరాకరణ కాదు, మర్యాద" అని నా చేత్తో రాశాను. కింద ఉదాహరణకు నీ మాటే పెట్టాను. నేను పుట్టేటప్పుడు నొప్పులు వస్తుంటే జీపు తోలే ఆరుముగం అన్నతో "అవసరం లేదన్నా, మెల్లగా పో" అన్నావని, ఆయన నిజంగానే మెల్లగా పోయాడని, తిరుత్తణి ఆసుపత్రి గేటు కనబడుతుండగా నేను జీపులోనే పుట్టానని నాన్న చెప్పేవాడే, ఆ కథ.

సార్ ఆ పేజీ చదివి ఉంటే మెట్లమీద నా మాట ఆయనకు అర్థమై ఉండేది. ఏడాదిపాటు చూశాను, బాగుంది అన్న మనిషి మూడో అధ్యాయం దాకా రాలేదు. ఎక్కడి దాకా వచ్చాడో, అసలు అట్ట తీశాడో లేదో నాకు తెలియదు.

నోరు తెరిచాను. చెప్పాలనే తెరిచాను. సార్, మీరు పొరబడ్డారు అంటే, మీరు చదవలేదు అన్నట్టే. సంతకం పెట్టాల్సిన చెయ్యి అదే. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో కళ్ళముందు తిరిగాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం "థ్యాంక్స్ సార్".

బయటికి రాగానే లైబ్రేరియన్ దామోదరన్ సార్ ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. "ఇని నీ ఎంగయుం పోగవేండాం మా" అన్నాడు నవ్వుతూ. ఇక నువ్వు యాడికీ పోయే పని లేదమ్మా అని. పాపం ఆయన దీవెనగానే అన్నాడు. కోపగించుకునేవాడు ఒక్కడైనా ఉంటే తిరగబడొచ్చు. అందరూ నా మేలు కోరేవాళ్ళే అయితే ఎవరిమీద తిరగబడాలి?

ఇంటికొస్తే పెద్దమ్మ. ఆ కాగితం చూసి, చదవకుండానే కళ్ళకద్దుకుంది. సాయంత్రానికి మైసూరుపాకు తెప్పించి వీధంతా పంచింది. "మా కవి పెద్ద లైబ్రరీలో ఆఫీసరయినాది, ఇంక అది కూసోని సంతకాలు పెట్టేదే" అని నాలుగు ఇళ్ళకు వినబడేలా చెప్పింది. దారం కొట్టు ఆదికేశవులు మామ వచ్చి, "మన మగ్గాలోళ్ళ ఇంట్లో నుంచి మొదుటి ఆఫీసరు నువ్వే పాపా. మీ నాయిన ఉండుంటే యాడికో పోయుండేవాడు సంతోషంలో" అన్నాడు. మైసూరుపాకు ముక్క నా నోట్లో ఉంది. మింగలేను, ఉమ్మలేను.

ఇదిగో అమ్మా, స్పీకర్లో చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. నేను అప్పటినుంచి యూనివర్సిటీకి పోవడం లేదు.

మొదటిరోజు పోయాను. మా లైబ్రరీ వాకిట్లో ఇనుప కడ్డీల గేటు ఉంది. కార్డు చూపిస్తే తిరుగుతుంది, మనం లోపలికి అడుగేయగానే వెనకాల టక్కుమని బిగుసుకుంటుంది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు నాకు వినబడనే లేదు. ఆ రోజు నా ముందు పోయినవాళ్ళ వెనకాల అది వినబడింది. మూడేళ్ళు, ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు, తనిఖీ వచ్చినప్పుడల్లా పట్టు చీర, నా థీసిస్ మాత్రం ఆ నల్ల అట్టల హాల్లో ఎప్పటికీ ఉండదు, పక్క హాల్లో నేను ఉంటాను, ఇతరుల పుస్తకాలు తుడుస్తూ. కార్డు సంచిలో పెట్టేశాను. వెనకాల ఉన్న పిల్ల "అక్కా, పొండి" అంటే పక్కకు తప్పుకుని వచ్చేశాను. ఒళ్ళు బాగాలేదని దామోదరన్ సార్‌కు మెసేజ్ పెట్టాను, వారం వారం అదే పెడుతున్నాను.

ఆ తర్వాత రోజూ పెద్దమ్మ ఇచ్చే డబ్బా తీసుకుని, ఆఫీసుకు పోయేదానిలాగా బస్సెక్కి, తిరుత్తణిలో దిగిపోతున్నాను. అక్కడ రైలెక్కి తిరువళ్ళూరు పోవాలి కదా. రైలు వస్తుంది, తలుపులో జనం వేలాడుతుంటారు, పోతుంది. నేను ఎక్కను. స్టేషన్‌లో ఊరికే కూర్చుంటే తెలిసినవాళ్ళు చూస్తారని బజారు వెనక ఉన్న చిన్న లైబ్రరీకి పోతున్నాను. నవ్వు వస్తే నవ్వు. లైబ్రరీకి పోలేక లైబ్రరీలో దాక్కునేది నీ కూతురు ఒక్కతే. రెండు గదులు, నాలుగు బెంచీలు, రిటైరైన ముసలాళ్ళు పేపర్ కోసం ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. నేను ఒక మూల కూర్చుని పేపర్లో కనబడిందల్లా చదువుతాను, సాయంత్రం బస్సుకు ఇంటికొస్తాను. పెద్దమ్మ "ఈ పొద్దు శానా పనా?" అంటే "శానా పెద్దమ్మా" అంటాను. ఆమె ఖాళీ డబ్బా తీసుకుపోతుంటే నాకు ఏడుపు వస్తుంది. నీకు కోపం వస్తుందని తెలుసు. అబద్ధం చెప్పడం చేతకాదని నా గురించి గొప్పలు చెప్పుకున్నదానివి.

అక్కడ కన్నియమ్మ అని ఒకామె ఊడ్చి, తుడిచి, తాళాలు వేస్తుంది. మన మాటే. మొన్న శుక్రవారం మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచిపోయారు. నీ ఉత్తరం ముందురోజు వచ్చింది, సంచిలో పెట్టుకుని పోయి అక్కడ విప్పి చదువుతున్నాను. ఆమె చీపురు పట్టుకుని వచ్చింది. నేను గబగబా కాగితాలు మడవబోయాను.

"ఏం పాపా, దినామూ వస్తావు. యాడ పని నీకు?"

"పక్కనే అత్తా. ఇదో, లేస్తాండా. నువ్వు బీగం ఏసుకోవాల గదా."

"అవసరం లేదు కూసో. నేను ఆ గది చిమ్మేసి వస్తా. ఎవురు రాసినారు, అమ్మా?"

"అవును."

"అమ్మ రాసింది అవసరంగా సదవకూడదు. మెల్లగా సదువుకో" అని అవతలి గదిలోకి పోయింది.

ఆ మాట విని నేను ఏడ్చాను. ఎన్నో రోజులుగా ఆ మాట నన్ను నమిలి తింటోంది. ఆమె నోట్లో అది ఎంత చల్లగా ఉందో. ఎవరూ తరమడం లేదు, నీ కాలం నువ్వు తీసుకో అని. మన వాళ్ళు ఆ మాటను అందుకే అంటారు. అందులో తప్పేమీ లేదు. తప్పు ఏమిటంటే, మనల్ని ఎవరు ఏది అడిగినా ఆ ఒక్క మాటే అంటాం. అన్నం పెట్టేదా, అవసరం లేదు. డాక్టరు దగ్గరికి పోదామా, అవసరం లేదు. వినేవాళ్ళు మనవాళ్ళయితే అర్థం చేసుకుని రెండోసారి అడుగుతారు. బయటివాళ్ళు ఒక్కసారే అడుగుతారమ్మా. ఒక్కసారి అడిగి, మనం చెప్పింది రాసుకుని వెళ్ళిపోతారు.

కళ్ళు తుడుచుకుని నీ ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను, ఆమె చెప్పినట్టు మెల్లగా. అప్పుడు నీ టికెట్ సంగతి కనబడింది. ముందురోజు చదివినప్పుడు అది కళ్ళకు ఆనలేదు. నువ్వు రాసింది నీకే చూపిస్తాను:

"అల్లుడు నిండు మనిషి, ఏమీ అనేవాడు కాదు. వినాయక చవితప్పుడు అడిగినాడు, అత్తమ్మా మీకు ఊరికి పోయేది అవసరమా అని. అవసరం లేదు నాయినా అన్నాను. అప్పట్నించి ఆ మాట ఎత్తనే లేదు. యశకు నేను ఉంటే ఆసరా, నిజమే. కానీ నాలుగు గోడల మధ్య కూసోని కూసోని నాకు పిచ్చి పట్టేట్టుంది. లిఫ్టులో దిగాలంటే భయం, కిందికి పోయినా మాట తెలీదు. పోతానని ఎట్ల అడిగేది, వాళ్ళమీద ప్రేమ లేదనుకుంటారు. మనసులో పెట్టుకో, వాళ్ళకు చెప్పొద్దు."

అమ్మా, రఘు వాళ్ళది సిరిసిల్ల. ఆ పక్క తెలుగు కూడా సార్ తెలుగు లాంటిదే ఈ ఒక్క మాటలో. నువ్వు తొందర లేదు నాయినా అన్నావు. అతనికి నేను ఊరికి పోనక్కర్లేదు అని వినబడింది. అత్తమ్మకు ఇక్కడే బాగుందని సంతోషపడి ఉంటాడు, పిచ్చివాడు. చవితినుంచి కార్తీకం దాకా నువ్వక్కడ బిగుసుకుపోయి ఉన్నావు. దసరానుంచి నేనిక్కడ. ఒకటే మాట, ఒకటే మర్యాద, ఇద్దరం రెండు మేడల్లో.

ముందు నవ్వాను. బెంచీమీద ఒక్కదాన్నే నవ్వుతుంటే కన్నియమ్మ తలుపు దగ్గర నుంచి తొంగి చూసింది. తర్వాత కోపం వచ్చింది. సార్ మీద, రఘు మీద కాదు. నీమీద, నామీద. ఎవరో మన మనసులోకి దిగి చదువుకోవాలని మనమెందుకు అనుకుంటాం? మనమేమైనా థీసిస్‌లమా? థీసిస్‌నే ఎవరూ చదవడం లేదు.

రేపు సోమవారం. పొద్దున బస్సెక్కుతాను, తిరుత్తణిలో రైలెక్కుతాను. చేరే కాగితం మీద సంతకం పెట్టను. మూడో అధ్యాయం చేత్తో పట్టుకుని సార్ గదికి పోతాను. మొదటి పేజీ తీసి ఆయన ముందు పెట్టి ఇట్లా చెప్తాను: "సార్, మా ఊళ్ళో అవసరం అంటే తొందర. ఇదిగో, ఇక్కడ రాశాను. నేను తొందర లేదన్నాను, వద్దనలేదు. ఈ డిగ్రీ నాకు కావాలి. ఇప్పుడు తొందర కూడా ఉంది." పొద్దుటినుంచి ఈ నాలుగు ముక్కలూ గుంటలో కూర్చుని బయటికే చెప్పి చూసుకుంటున్నాను. కావాలి అనే మాట దగ్గరికి రాగానే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను. ఆయనకు కోపం రావచ్చు. సంతకం పెట్టకపోవచ్చు. పెడితే సరే. పెట్టకపోతే ఉద్యోగమూ పోయి, డిగ్రీ కూడా పోయి, మైసూరుపాకు తిన్న వీధి మొత్తానికి నేను ముఖం చూపించాలి. నాకు చాలా భయంగా ఉంది. అది కూడా స్పీకర్లో చెప్పలేనిదే.

పెద్దమ్మకు నిజం ఇవాళ సాయంత్రమే చెప్తాను. తిడుతుంది. తిట్టి, రేపటి డబ్బా కట్టడం మాత్రం మానదు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి నా సంగతి ఏదో ఒకటి తేలిపోయి ఉంటుంది. నీ సంగతి నువ్వు తేల్చుకో. అల్లుడు రెండోసారి అడుగుతాడని కాచుకోకు, అడగడు. వాళ్ళ మీద నీకు ప్రేమ లేదని ఎవరూ అనుకోరు. అతన్ని కూర్చోబెట్టి, తల వంచుకోకుండా చెప్పు: "నాకు ఊరికి పోయేది అవసరం నాయినా." వాళ్ళ తెలుగులో చూసినా మన తెలుగులో చూసినా దానికి టికెట్ అనే అర్థం. పిల్లాడిని ముద్దాడి, యశకు ధైర్యం చెప్పి బయలుదేరు. నీ చీర సగంలో ఉంది. గుంట ఆరిపోయింది. రేపు ఎట్లా జరిగినా, సాయంత్రం తలుపు తీసేసరికి ఇంట్లో నువ్వు ఉంటే బాగుండునని అనిపిస్తోంది. రేపటికి కుదరదని తెలుసు. అయినా అనిపిస్తోంది.

ఇన్ని రోజులూ ఫోన్లో నువ్వు "నేను వచ్చేదా పాపా?" అని అడిగినప్పుడల్లా నేను ఏమన్నానో నీకు గుర్తుంది కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రా అమ్మా. నాకు అవసరం.

ఇట్లు,
జీపులో పుట్టిన నీ పెద్ద కూతురు,
కవిప్రియ